పంచాయతీ నీళ్ళలో బ్లీచింగు ఆపించమంటారా?

ప్రశ్న: మాది పశ్చిమ గోదావరి జిల్లాలో నరసాపురం వైపు, కాలువ శివారున ఉన్న ఊరు. ఏటా కాలువలు కట్టేసే ముందు మంచినీళ్ళ చెరువు నింపుకొని, మళ్ళీ నీళ్ళు వదిలేదాకా అవే తాగుతాము. ఈ మధ్య కుళాయి నీళ్ళకు బ్లీచింగ్ వాసన ఘాటుగా వస్తున్నది. మా అమ్మాయి పురిటికి వచ్చింది, ఏడో నెల. అమెరికాలో ఉంటున్న మా అబ్బాయికి వాళ్ళ ఊరి నీటి సంస్థ నుంచి ‘హాలోఎసిటిక్ ఆమ్లాలు పరిమితి దాటాయి’ అని కాగితం వచ్చిందట. నీళ్ళలో క్లోరిన్ కలపడం వల్లనే క్యాన్సర్ తెచ్చే పదార్థాలు పుడతాయని, చెల్లెలి చేత ఆ నీళ్ళు తాగించవద్దని ఫోనులో గట్టిగా చెబుతున్నాడు. మా వీధిలో నలుగురం కలిసి బ్లీచింగు ఆపించమని సర్పంచి గారికి అర్జీ ఇద్దామనుకుంటున్నాము. ఇది సరైన పనేనా? కాచితే ఆ విషం పోతుందా? లేకపోతే టిన్ను నీళ్ళకు మారమంటారా? — ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు

సమాధానం:

అమ్మా, నమస్కారం. అర్జీ తప్పకుండా ఇవ్వండి. అయితే అందులో బ్లీచింగు ఆపమని మాత్రం రాయకండి. మీ అబ్బాయి చెప్పిన రసాయనశాస్త్రం నిజమే, దాని నుంచి తీసిన నిర్ణయం మాత్రం మీ ఊరికి, అందులోనూ ఏడో నెల గర్భిణి ఉన్న ఇంటికి, మేలు చేసేది కాదు. ఎందుకో కొంచెం వివరంగానే చెప్పాలి, ఎందుకంటే ఈ విషయంలో సగం తెలిసి భయపడేవారిని, ఏమీ తెలియక ధీమాగా ఉండేవారిని సమానంగా చూస్తున్నాను.

క్లోరిన్ నీటిలోకి వెళ్ళగానే సూక్ష్మజీవులను వెతుక్కుంటూ పోదు. తనకు ఎదురైన ప్రతి సేంద్రియ పదార్థంతోనూ కలబడుతుంది. రాలిన ఆకులు, కుళ్ళిన నాచు, కాలువ గట్టు మట్టి నుంచి దిగిన రసం, వీటి వల్ల నీటికి వచ్చే లేత గోధుమరంగు పదార్థాలతో క్లోరిన్ చర్య జరిపినప్పుడు కొత్త రసాయనాలు కొద్ది మోతాదులలో పుడతాయి. వాటినే క్రిమిసంహరణ ఉప ఉత్పత్తులు అంటారు. ఈ సంగతి 1974లో బయటపడింది. నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్ నీటి సంస్థలో పనిచేసిన యోహానెస్ రోక్ అనే రసాయన శాస్త్రవేత్త, నదినీటిలో లేని క్లోరోఫాం క్లోరిన్ కలిపిన తరువాత ఎక్కడినుంచి వస్తున్నదని ఆరా తీసి, ఆ నీటిలో సహజంగా ఉండే సేంద్రియ పదార్థమే దానికి మూలమని చూపించాడు. అదే ఏడాది అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ పరిశోధకులు కూడా విడిగా ఇదే ఫలితాన్ని ప్రకటించారు. అప్పటి నుంచి ఇప్పటి దాకా ఇటువంటి పదార్థాలను వందల సంఖ్యలో గుర్తించారు. వీటిలో ఎక్కువగా కొలిచేవి రెండు కుటుంబాలు. క్లోరోఫాం, బ్రోమోఫాం, వాటి మధ్యస్థాలైన మరి రెండు కలిసి ట్రైహాలోమీథేన్లు. మీ అబ్బాయికి వచ్చిన కాగితంలో ఉన్నవి రెండో కుటుంబమైన హాలోఎసిటిక్ ఆమ్లాలు.

ఇక్కడే ఒక అపోహను తీసివేయాలి. మీకు వస్తున్న ఘాటు వాసన ఈ పదార్థాలది కాదు. తాగునీటిలో ఉండే మోతాదులో వీటికి ముక్కుకు తెలిసే వాసన ఉండదు. మీరు వాసన చూస్తున్నది క్లోరిన్‌ను, లేదా నీటిలోని అమ్మోనియా వంటి మలినాలతో క్లోరిన్ కలిసినప్పుడు పుట్టే క్లోరమీన్లను. వాసన ఎక్కువగా ఉన్న రోజు ఉప ఉత్పత్తులు ఎక్కువగా ఉన్నాయనీ చెప్పలేము, వాసన లేని రోజు అవి లేవనీ చెప్పలేము. నిజానికి మురికి ఎక్కువై క్లోరిన్ అంతా దానికే ఖర్చయిపోయిన నీటికి వాసన ఉండదు, రక్షణా ఉండదు, ఉప ఉత్పత్తులు మాత్రం మిగులుతాయి.

ఈ చివరి మాట మీ ఊరి విషయంలో అన్నిటికంటె ముఖ్యమైనది. నీటికి ఒక ఆకలి ఉంటుందనుకోండి. కలిపిన క్లోరిన్‌లో కొంత భాగాన్ని ముందుగా మలినాలు తినివేస్తాయి. ఆ ఆకలి తీరిన తరువాత మిగిలేదే అవశేష క్లోరిన్, అదే పైపులలోనూ బిందెలోనూ మనకు కాపలా. తేటగా వడకట్టిన నీటికి ఆకలి తక్కువ. 30 శాతం క్లోరిన్ గల మంచి బ్లీచింగ్ పౌడరు పావు కిలో వేస్తే లక్ష లీటర్ల ట్యాంకులో లీటరుకు ముప్పావు మిల్లీగ్రాము క్లోరిన్ చేరుతుంది, అది సరిపోతుంది. అదే నాచు పట్టిన నీరైతే ఆ పావు కిలో ఎటు పోయిందో కూడా తెలియదు. ఆపరేటరు అరకిలో వేస్తాడు, కిలో వేస్తాడు. అలా తిన్న క్లోరిన్‌లో ఒక భాగమే ఉప ఉత్పత్తులుగా మారుతుంది. కనుక దోషం బ్లీచింగ్ సంచిలో ఎంత ఉందో, దానికంటె ఎక్కువ ఆ సంచి విప్పవలసి వచ్చిన నీటిలో ఉంది.

వేసవి చెరువును ఒక్కసారి తలచుకోండి. ధవళేశ్వరం నుంచి మీ శివారు దాకా వచ్చేసరికి కాలువ నీరు ఊళ్ళ మురుగును, పొలాల నీటిని, చేపల చెరువుల నుంచి వదిలిన నీటిని కలుపుకొనే వస్తుంది. ఆ నీటిని ఏప్రిల్‌లో నింపి, రెండు నెలలు ఎండలో నిలవ పెడతాము. ఎండకు నాచు పెరుగుతుంది. పగటి పూట నాచు నీటిలోని బొగ్గుపులుసు వాయువును లాగేసుకోవడం వల్ల నీటి క్షారగుణం పెరుగుతుంది. క్షారగుణం పెరిగితే క్లోరిన్ సూక్ష్మజీవులను చంపే శక్తి తగ్గుతుంది, ట్రైహాలోమీథేన్లు పుట్టే వేగం మాత్రం పెరుగుతుంది. వేడి కూడా ఆ చర్యను త్వరపెడుతుంది. దీనికి తోడు సముద్రం దగ్గరి ఊళ్ళలో ఉప్పునీటి ప్రభావం ఉంటుంది. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 65 మిల్లీగ్రాముల బ్రోమైడు, అంటే ఉప్పులో కలిసి ఉండే బ్రోమిన్ రూపం, ఉంటుంది. వంద పాళ్ళలో ఒక్క పాలు సముద్రపు నీరు కలిసినా లీటరుకు అర మిల్లీగ్రాముకు మించి బ్రోమైడు చేరుతుంది. అప్పుడు పుట్టేవి క్లోరిన్ గల పదార్థాలకంటె బ్రోమిన్ గల పదార్థాలు ఎక్కువగా ఉంటాయి. ప్రయోగశాల పరీక్షలలో బ్రోమిన్ రకాలే కణాలకు ఎక్కువ హానికరమని తేలింది. ఉప్పదనం ఎక్కువైన ఏడాది మీ ఊరి నీళ్ళ విషయంలో మరింత జాగ్రత్త అవసరమనేది అందుకే.

ఇక ప్రమాదం ఎంత అన్న ప్రశ్న. క్లోరోఫాంను పెద్ద మోతాదులో ఇచ్చిన ఎలుకలలో కాలేయం, మూత్రపిండాల కణితులు వచ్చాయని 1976లోనే తేలింది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ క్లోరోఫాంను మనుషులలో క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్న పదార్థాల జాబితాలో ఉంచింది. క్లోరిన్ కలిపిన తాగునీటిని మొత్తంగా తీసుకొని 1991లో పరిశీలించినప్పుడు, నిర్ధారణకు ఆధారాలు చాలవని చెప్పింది. మనుషులలో జరిగిన అధ్యయనాలలో కొంత నిలకడగా కనబడుతున్నది మూత్రాశయ క్యాన్సర్ ఒక్కటే. అది కూడా ముప్పై నలభై ఏళ్ళు ట్రైహాలోమీథేన్లు ఎక్కువగా ఉన్న నీటిని తాగినవారిలో. ఐరోపా దేశాల నీటి లెక్కలు తీసి 2020లో ప్రచురించిన ఒక పరిశోధన, అక్కడి మూత్రాశయ క్యాన్సర్ కేసులలో సుమారు 5 శాతం, అంటే ఏటా 6,500 పైచిలుకు, ఈ పదార్థాలకు సంబంధించినవి కావచ్చునని అంచనా కట్టింది. ఇది కొట్టిపారేయదగిన సంఖ్య కాదు. అలాగని ఒక మనిషికి ఉన్న ప్రమాదం పెద్దది అనడానికీ లేదు. అదే జబ్బుకు ప్రధాన కారణం పొగాకు. మీ ఇంట్లో పెద్దవారికి చుట్ట అలవాటు ఉంటే, మూత్రాశయం గురించిన ఆందోళన కుళాయి దగ్గర కాక అక్కడ మొదలుపెట్టడం మంచిది.

గర్భిణుల విషయం విడిగా చెబుతాను. 1998లో కాలిఫోర్నియాలో జరిగిన ఒక అధ్యయనంలో, లీటరుకు 75 మైక్రోగ్రాములు, అంతకు మించి ట్రైహాలోమీథేన్లు ఉన్న కుళాయి నీటిని కాచకుండా రోజుకు ఐదు గ్లాసులకు తగ్గకుండా తాగిన వారిలో తొలి నెలల గర్భస్రావాలు ఎక్కువగా కనిపించాయి. ఆ వార్తకు అప్పట్లో చాలా ప్రచారం వచ్చింది. దానిని సరిచూడడానికి తరువాతి దశాబ్దంలో మరింత జాగ్రత్తగా చేసిన అధ్యయనంలో అటువంటి స్పష్టమైన సంబంధం కనబడలేదు. బిడ్డ బరువు కొద్దిగా తగ్గవచ్చునని కొన్ని అధ్యయనాలు, అటువంటిదేమీ లేదని మరికొన్ని చెప్పాయి. ఏడో నెలలో ఉన్న మీ అమ్మాయికి తొలి నెలల గర్భస్రావం ప్రశ్న దాటిపోయింది. వీలైనంత తగ్గించుకోవడం తెలివైన పని, రాత్రుళ్ళు నిద్ర మానుకొని భయపడవలసినంత సంగతి కాదు.

మీ అబ్బాయికి వచ్చిన కాగితాన్ని కూడా సరిగా చదవాలి. అమెరికాలో ట్రైహాలోమీథేన్లకు లీటరుకు 80 మైక్రోగ్రాములు, ఐదు హాలోఎసిటిక్ ఆమ్లాల మొత్తానికి 60 మైక్రోగ్రాములు పరిమితి. అది ఒక్క రోజు కొలత కాదు, మూడేసి నెలలకొకసారి తీసిన నాలుగు కొలతల సగటు. ఆ సగటు దాటితే వినియోగదారులకు రాతపూర్వకంగా తెలియజేయాలని అక్కడి చట్టం చెబుతున్నది. అనేక ఏళ్ళపాటు తాగేవారికి ప్రమాదం పెరగవచ్చునని ఆ కాగితంలోనే ఉంటుంది. రేపటి నుంచి తాగవద్దని ఉండదు. మన దేశంలో తాగునీటి ప్రమాణం ఐ.ఎస్. 10500 ఈ నాలుగు ట్రైహాలోమీథేన్లకు విడివిడిగా హద్దులు పెట్టింది. క్లోరోఫాం లీటరుకు 200 మైక్రోగ్రాములు, బ్రోమోఫాం 100, మధ్యస్థాలలో ఒకదానికి 100, మరొకదానికి 60. హద్దు కాగితం మీద ఉంది, పల్లెల్లో దానిని కొలిచేవారే అరుదు. ఈ విషయంలో మీ అబ్బాయిది అదృష్టమే అనాలి, పరిమితి దాటితే చెప్పేవాళ్ళున్నారు.

ఇప్పుడు రెండో పక్కకు రండి. బ్లీచింగు ఆపితే ఏమవుతుంది? మీ అమ్మాయి విషయంలో నాకున్న అసలు భయం హెపటైటిస్-ఇ అనే పచ్చకామెర్ల వైరస్ గురించి. అది మురుగు కలిసిన నీటి ద్వారా వస్తుంది. మామూలు మనిషికి వస్తే కొన్ని వారాలు బాధపెట్టి పోతుంది. కడపటి మూడు నెలలలో ఉన్న గర్భిణికి వస్తే, ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం, నూటికి 20 నుంచి 25 మంది దాకా ప్రాణాలు కోల్పోవచ్చు. 1955 చివరలో ఢిల్లీలో యమున నీటిలో మురుగు చేరినప్పుడు రెండు నెలలలో 29 వేల మందికి పైగా పచ్చకామెర్లు వచ్చాయి. అది ఈ వైరస్ పనేనని చాలా ఏళ్ళ తరువాత తెలిసింది. ముప్పై ఏళ్ళ తరువాత రాగల, వస్తుందో రాదో తెలియని ఒక చిన్న ప్రమాదాన్ని తప్పించుకోవడానికి, ఈ వేసవిలోనే రాగల ఇంత పెద్ద ప్రమాదానికి తలుపు తీయకూడదు. కలరా, టైఫాయిడ్, నీళ్ళ విరేచనాల మాట చెప్పనే అక్కరలేదు.

క్లోరిన్ లేకుండా నీరు సరఫరా చేసే దేశాలు లేవా అంటే ఉన్నాయి. క్లోరోఫాం సంగతి బయటపడిన నెదర్లాండ్స్‌లోనే ఆమ్‌స్టర్‌డామ్ నగరం 1983లో క్లోరిన్ మానేసింది, తరువాతి ఏళ్ళలో ఆ దేశంలో మిగిలిన ఊళ్ళూ మానేశాయి. అయితే వాళ్ళు ముందుగా నీటిని ఇసుక దిబ్బల గుండా, అనేక అంచెల వడపోత గుండా పంపి, దానిలో సూక్ష్మజీవులకు తిండి మిగలకుండా చేశారు. పైపులను ఎక్కడా కారకుండా బాగుచేశారు. ఆ పైపులలో నీరు 24 గంటలూ ఒత్తిడితో నిండి ఉంటుంది. మీ ఊళ్ళో ఉదయం గంట, సాయంత్రం గంట నీళ్ళు వస్తాయి. మిగిలిన 22 గంటలు పైపు ఖాళీ. ఖాళీ పైపు పక్కనున్న మురుగు కాలువలోని నీటిని పగుళ్ళ గుండా లోపలికి పీల్చుకుంటుంది. ఆ స్థితిలో చివరి ఇంటి కుళాయి దాకా వచ్చే కాస్త క్లోరిన్ ఒక్కటే మనకు దిక్కు. మన ప్రమాణం ప్రకారం అది లీటరుకు 0.2 మిల్లీగ్రాములకు తగ్గకూడదు, వైరస్ జబ్బుల భయం ఉన్నప్పుడు 0.5 ఉండాలి.

ఈ సందర్భంలో పెరూ దేశపు కథను చాలామంది చెబుతుంటారు. 1991లో అక్కడ కలరా వచ్చి, ఆ ఒక్క ఏడాదిలోనే మూడు లక్షల మందికి పైగా జబ్బుపడి దాదాపు మూడు వేల మంది చనిపోయారు. క్యాన్సర్ భయంతో క్లోరిన్ ఆపడం వల్లనే ఇదంతా జరిగిందని ఆ కథ. తరువాత లోతుగా పరిశీలించినవారు, పాడుబడిన పైపులు, సరిగా లేని నీటి వ్యవస్థలే ప్రధాన కారణమని, క్యాన్సర్ భయం పాత్ర ఏమైనా ఉంటే అది స్వల్పమని తేల్చారు. నా మాటకు బలం చేకూర్చే కథే అయినా, అతిగా చెప్పిన కథ కనుక దానిని ఆధారంగా వాడుకోను. మీ జిల్లాకు దగ్గరి అనుభవం మరొకటి ఉంది. 2020 డిసెంబరులో ఏలూరులో వందల మంది ఉన్నట్టుండి మూర్ఛలతో పడిపోయినప్పుడు, తొలి రోజులలో నీటిలోని క్లోరిన్ మీద, వీధుల్లో చల్లిన బ్లీచింగ్ మీద కూడా అనుమానం వెళ్ళింది. పరీక్షలు చివరికి పురుగుమందుల అవశేషాల వైపు చూపాయి. క్లోరిన్‌కు వాసన ఉంది కనుక నేరం దాని మీదకు త్వరగా పోతుంది, పురుగుమందుకు నీటిలో వాసన తెలియదు.

ఇంట్లో ఏమి చేయాలో చెబుతాను. కాచడం గురించి మీరడిగినది మంచి ప్రశ్న, దానికి సమాధానం సగం అవును. క్లోరోఫాం 61 డిగ్రీల దగ్గరే మరిగే పదార్థం, కాబట్టి నీరు తెర్లుతున్నప్పుడు ఆవిరితో పోతుంది. సూక్ష్మజీవులు చావడానికి నీరు బాగా తెర్లిన తరువాత ఒక్క నిమిషం చాలు. ట్రైహాలోమీథేన్లలో చాలా భాగం పోవాలంటే మూత తీసి, కిటికీ తెరిచి, మూడు నుంచి ఐదు నిమిషాలు కాగనివ్వాలి. తెర్లగానే దానంతట అదే ఆగిపోయే కరెంటు కెటిల్‌తో ఈ రెండో పని పూర్తిగా జరగదు. హాలోఎసిటిక్ ఆమ్లాలు మాత్రం అంత సులభంగా పోవు. వాటిలో ఒకటి వేడికి కొంత విరిగిపోతుంది, మరొకటి అలాగే ఉండిపోతుంది. అయినా గర్భిణి ఉన్న ఇంట్లో కాచిన నీళ్ళే నా మొదటి సలహా, ఎందుకంటే అవి వైరస్‌ను, ట్రైహాలోమీథేన్లను ఒకే పొయ్యి మీద తగ్గిస్తాయి. కాచిన తరువాత ఆ నీటిలో క్లోరిన్ కాపలా ఉండదని గుర్తుంచుకొని, మూతపెట్టి, చేయి ముంచకుండా, ఆ రోజువి ఆ రోజే తాగాలి.

నీళ్ళు మడ్డిగా వచ్చిన రోజులలో పాత పద్ధతి ఒకటి ఇప్పటికీ పనికివస్తుంది. మా అమ్మమ్మ చిల్లగింజను కుండ లోపలి వైపు అరగదీసి నీళ్ళు పోసేది, తెల్లవారేసరికి అడుగున మడ్డి దిగి పైన నీరు తేరుకొనేది. పటిక చేసే పనీ అదే. అలా దిగేది మట్టి మాత్రమే కాదు, క్లోరిన్‌తో కలిసి ఉప ఉత్పత్తులుగా మారే సేంద్రియ పదార్థంలోనూ కొంత భాగం దానితో పాటు దిగిపోతుంది. పెద్ద నీటిశుద్ధి కేంద్రాలలో క్లోరిన్‌కు ముందు పటిక వేయడంలోని మర్మం ఇదే. అయితే కుళాయి నీటిలో క్లోరిన్ ముందే కలిసి వస్తుంది కనుక ఇంట్లో పటిక వల్ల కలిగే లాభం పరిమితం. అంతకంటె ఎక్కువ లాభం మీ మేడ మీది ప్లాస్టిక్ ట్యాంకు అడుగున పేరుకున్న ఒండ్రును కడిగించడం వల్ల కలుగుతుంది. ఆ ఒండ్రు ఎండలో ఉడుకుతూ, వచ్చిన క్లోరిన్‌ను వచ్చినట్టే తింటూ ఉంటుంది. తాగడానికి, వంటకు మేడ మీది ట్యాంకు నీళ్ళు కాక నేరుగా వీధి కుళాయి నుంచి పట్టుకోండి.

టిన్ను నీళ్ళ గురించి నాకు అంత మంచి అభిప్రాయం లేదు. ఆర్‌ఓ ప్లాంటులో పొరకు ముందు బొగ్గు గొట్టం ఒకటి ఉంటుంది. క్లోరిన్‌ను, క్లోరోఫాంను పట్టేది ఆ బొగ్గే, ఆర్‌ఓ పొర క్లోరోఫాంను అంతగా ఆపలేదు. ఆ బొగ్గును వేళకు మారిస్తేనే పని చేస్తుంది. కాలం తీరిన బొగ్గు ఏదీ పట్టదు, పైగా సూక్ష్మజీవులకు ఇల్లవుతుంది. ఆ నీటిలో క్లోరిన్ ఏమీ మిగలదు కనుక, టిన్నును ఎవరు ఏ చేత్తో, ఏ నీళ్ళతో కడిగారన్న దాని మీదే మొత్తం ఆధారపడి ఉంటుంది. ఒకసారి ఒక ప్లాంటులో బొగ్గు ఎప్పుడు మార్చారని అడిగితే, మార్చాలా అని ఎదురు అడిగారు. టిన్ను నీళ్ళే తాగుతామంటే అవి కూడా కాచుకొనే తాగండి. ఇంట్లోనే బొగ్గు ఉన్న ఫిల్టరు పెట్టుకుంటే, గొట్టం మార్చవలసిన తేదీని గోడ మీద రాసిపెట్టుకోండి.

స్నానం సంగతి మీరు అడగలేదు, మీ అబ్బాయి కోసం చెబుతున్నాను. మూసి ఉన్న గదిలో వేడి నీళ్ళ షవరు కింద పది నిమిషాలు నిలుచుంటే, ఆవిరితోనూ చర్మం గుండానూ లోపలికి పోయే క్లోరోఫాం, రోజంతా తాగే నీటితో పోయేదానికి ఇంచుమించు సమానమని కొలిచి చూశారు. మంచినీళ్ళ సీసాలు కొని తాగుతూ అరగంట వేడి స్నానం చేసేవారికి ఈ లెక్క తెలియదు. అతనిని స్నానాల గదిలో గాలి బయటికి పంపే ఫ్యాను వేసుకోమనండి. బకెట్టు నీళ్ళతో, పైన వెంటిలేటరు ఉన్న గదిలో స్నానం చేసే మీకు ఇది పట్టించుకోవలసినంత విషయం కాదు.

ఇక అర్జీ. ముందుగా చెరువు నుంచి కుళాయి దాకా ఏ మలుపులో బ్లీచింగు వేస్తున్నారో అడగండి. నాచు కనబడగానే సంచి తెచ్చి చెరువులోనే కుమ్మరించడం చాలా ఊళ్ళలో అలవాటు. క్లోరిన్‌కు అంత సేంద్రియ పదార్థం మరెక్కడా దొరకదు కనుక, ఉప ఉత్పత్తులు అత్యధికంగా పుట్టేది అలా వేసినప్పుడే. దానికి మించిన నష్టం ఇంకొకటుంది. నెమ్మదిగా వడకట్టే ఇసుక ఫిల్టర్ బెడ్ల మీద సన్నని జిగురు పొర ఒకటి కడుతుంది. అందులోని సూక్ష్మజీవులే నీటిలోని మలినాన్ని, రోగక్రిములను తినివేసేవి. క్లోరిన్ కలిసిన నీరు ఆ బెడ్ల మీదకు వెళ్తే ఆ పొర చచ్చిపోతుంది, ఆ తరువాత అది వట్టి ఇసుక గుట్ట. కనుక చెరువులో బ్లీచింగు వేయవద్దని, ఫిల్టరు బెడ్లు దాటిన తరువాత తేటనీటిలో మాత్రమే కలపాలని, కలిపిన అరగంటకు గాని నీరు వదలవద్దని రాయండి. పొడిని నేరుగా ట్యాంకులో విసరకుండా, బకెట్టులో కలిపి తేర్చిన ద్రావణాన్ని పోయాలి. బ్లీచింగ్ సంచి మూతి కట్టి, తడి తగలని చోట ఉంచాలి. తేమ తగిలిన పొడిలో శక్తి పోతుంది, ఎంత వేస్తే ఎంత క్లోరిన్ వస్తుందో ఎవరికీ తెలియకుండా పోతుంది. మీరు చెప్పిన ఘాటు వాసన ఒకరోజు ఉండి మరొకరోజు లేకపోతే, కారణం ఇటువంటి చేతి లెక్కే కావచ్చు.

ఫిల్టర్ బెడ్ల పైపొర చివరిసారి ఎప్పుడు గీశారో అడగండి. మూసుకుపోయినప్పుడు పైన ఒకటి రెండు సెంటీమీటర్ల ఇసుక మాత్రమే గీసి తీయాలి. నీరు త్వరగా రావాలని బెడ్లను తప్పించి పక్క పైపు గుండా నేరుగా ట్యాంకుకు ఎక్కిస్తున్నారా అన్నది మర్యాదగానే అయినా తప్పకుండా అడగవలసిన ప్రశ్న. వేసవిలో నీరు చాలనప్పుడు జరిగే పని అది.

అవశేష క్లోరిన్‌ను కొలవడం కష్టమేమీ కాదు. జల జీవన్ మిషన్ కింద గ్రామానికి ఐదుగురు మహిళలకు నీటి పరీక్షల పెట్టెలతో శిక్షణ ఇవ్వాలన్న ఏర్పాటు ఉంది. మీ ఊళ్ళో వాళ్ళెవరో కనుక్కొని, ట్యాంకు దగ్గర ఒకటి, మీ వీధి చివరి కుళాయి దగ్గర ఒకటి కొలిపించండి. చివరన 0.2కు తక్కువ ఉంటే బ్లీచింగు పెంచాలి లేదా పైపు బాగుచేయాలి. 1 దాటితే తగ్గించమని అడగడానికి మీకు హక్కు ఉంది, మన ప్రమాణం ఒప్పుకొనే పైహద్దు అదే. ఉపాధ్యాయురాలిగా పని చేసినవారు కనుక, ఆ కొలతలను తేదీలతో ఒక నోటుపుస్తకంలో రాసిపెట్టగలరు. అర్జీకి అది జతచేస్తే ఎవరూ తేలికగా తీసిపారేయలేరు. ట్రైహాలోమీథేన్ల పరీక్ష మాత్రం ఆ పెట్టెతో జరగదు. దానికి గ్యాస్ క్రొమాటోగ్రాఫ్, అంటే కలిసి ఉన్న రసాయనాలను విడదీసి కొలిచే యంత్రం, ఉన్న ప్రయోగశాల కావాలి, నమూనాను గాజు సీసాలో గాలి బుడగ లేకుండా నింపి, క్లోరిన్‌ను ఆపే మందు వేసి పంపాలి. ఏడాదికి ఒక్కసారి, మే నెలలో చెరువు నీరు అడుగంటినప్పుడు చేయించమని గ్రామీణ నీటి సరఫరా ఇంజనీర్లను అడగండి.

చెరువు పూడిక మాట ఈ అర్జీలోనే కలపండి. గుర్రపుడెక్క తీయడం, గట్టు మీద కంచె వేయడం, పశువులను దిగనివ్వకపోవడం, చేపల వేలం వేయకపోవడం ఎప్పుడైనా చేయవచ్చు. అడుగున పేరుకున్న నల్లటి ఒండ్రును తీయడానికి మాత్రం ఏడాదిలో రెండు మూడు వారాలే దొరుకుతాయి, నీరు అడుగంటిన తరువాత, జూన్‌లో కాలువలు వదలక ముందు. ఆ వారాలకు మనుషులు, యంత్రాలు సిద్ధంగా ఉండాలంటే పంచాయతీ తీర్మానం ఇప్పుడే జరగాలి. కాబట్టి అర్జీని ఈ వారంలోనే ఇవ్వండి, అందినట్టు సంతకం, తేదీ వేయించుకోండి.